అబార్షన్ చట్టం, ప్రభుత్వ ఖర్చు: హైదరాబాద్ ఆడవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

నేను హైదరాబాద్‌లో లాయర్‌ని. బస్తీల్లో, లేడీస్ హాస్టళ్లలో, ఇళ్లలో పనిచేసే అక్కల మీటింగుల్లో చట్టాల గురించి చెబుతుంటాను. మీటింగు నడుస్తున్నంతసేపూ కట్నం, భరణం, ఆస్తిలో వాటా గురించే అడుగుతారు. అయిపోయి అందరూ చెప్పులు వేసుకుంటున్నప్పుడు ఒకరో ఇద్దరో వెనక ఆగుతారు. "మేడమ్, ఒక్క మాట" అంటారు. ఆ ఒక్క మాట చాలాసార్లు అబార్షన్ గురించే. గుమ్మం దగ్గర నిలబడి రెండు నిమిషాల్లో చెప్పగలిగే జవాబు కాదది. అందుకే ఇన్నేళ్లుగా విన్న ప్రశ్నలన్నీ ఒకచోట పెట్టి తీరిగ్గా రాస్తున్నాను.

మన దేశంలో అబార్షన్ నేరమా, హక్కా?

ఒక్క మాటలో తేల్చడం కుదరదు. బ్రిటిష్ వాళ్లు 1860లో రాసిన ఇండియన్ పీనల్ కోడ్‌లో 312వ సెక్షన్ కడుపు తీయడాన్ని నేరం చేసింది. తల్లి ప్రాణం కాపాడడానికైతే తప్ప, చేసినవాళ్లకూ శిక్షే, చేయించుకున్న ఆడమనిషికీ శిక్షే. 2024 జులై 1 నుంచి ఐపీసీ పోయి భారతీయ న్యాయ సంహిత వచ్చింది. సెక్షన్ నంబరు 88కి మారింది. లోపలి సారం మాత్రం పెద్దగా మారలేదు.

మరి ఆసుపత్రుల్లో రోజూ ఎలా చేస్తున్నారు? 1971 నాటి మెడికల్ టర్మినేషన్ ఆఫ్ ప్రెగ్నెన్సీ చట్టం ఉంది కాబట్టి. ఆసుపత్రుల్లో దీన్నే ఎంటీపీ అంటారు. ఆ చట్టం ఒప్పుకున్న వారాల్లోపు, ఒప్పుకున్న డాక్టరు, ఒప్పుకున్న చోట చేస్తే నేరం కాదు. అంటే మన దగ్గర అబార్షన్ ఇప్పటికీ నేరాల పుస్తకంలోనే ఉంది, ఎంటీపీ చట్టం దానికి మినహాయింపు. డాక్టర్లు భయపడేది, అక్కర్లేని కాగితాలు అడిగేది చాలావరకు ఇందుకే. ఈ ఒక్క విషయం అర్థమైతే కింద రాసిన సగం జవాబులు మీకే తడతాయి.

ఆ చట్టం ఎవరు తెచ్చారు? ఆడవాళ్లు పోరాడితే వచ్చిందా?

లేదు. 1964లో కేంద్ర ప్రభుత్వం శాంతిలాల్ షా అధ్యక్షతన ఒక కమిటీ వేసింది. దేశ జనాభా 50 కోట్లు అనుకుంటే ఏటా 39 లక్షల మంది కావాలని గర్భం తీయించుకుంటున్నారని ఆ కమిటీ అంచనా కట్టింది. చట్టం ఒప్పుకోదు కాబట్టి అవన్నీ చాటుగా జరుగుతున్నవే. మంత్రసాని చేతిలో, పుల్లలతో, నాటు మందులతో ప్రాణాలు పోతున్నాయి. చట్టం సడలించాలని కమిటీ 1966 డిసెంబరులో చెప్పింది.

1969లో బిల్లు రాజ్యసభకు వచ్చేటప్పటికి కేంద్ర ఆరోగ్య శాఖ సహాయ మంత్రి శ్రీపతి చంద్రశేఖర్. రాజమండ్రిలో పుట్టినవారు, జనాభా శాస్త్రవేత్త. ఈ చట్టం వెనక ఒక తెలుగువాడు ఉన్నాడని చెబితే మీటింగుల్లో అందరూ ఆశ్చర్యపోతారు. 1971 ఆగస్టు 10న చట్టమైంది, 1972 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. అమెరికా సుప్రీంకోర్టు 'రో వర్సెస్ వేడ్' తీర్పు ఇచ్చింది 1973 జనవరిలో. వాళ్లకంటే మనం ముందున్నాం.

అయితే మన చట్టం పుట్టింది రెండు ఆలోచనల నుంచి. తల్లుల చావులు తగ్గించాలన్నది ఒకటి, జనాభా తగ్గించాలన్నది రెండోది. 'నా శరీరం, నా నిర్ణయం' అనే మాట అప్పటి చట్టంలో ఎక్కడా వినిపించదు. చట్టం మొదలయ్యేదే 'ఈ షరతుల్లో గర్భం తీసిన డాక్టరు నేరం చేసినట్టు కాదు' అని. రక్షణ డాక్టరుకు, ఆ రక్షణ ద్వారా ఆడమనిషికి సేవ. ఆమె వచ్చి 'నాకు వద్దు' అంటే చాలదు, డాక్టరు 'చట్టంలోని కారణం ఉంది' అని రాయాలి. ఇది నాకు ఇప్పటికీ నచ్చని విషయం.

ఎన్ని నెలల దాకా చేస్తారు?

మనం నెలల్లో మాట్లాడతాం, చట్టం వారాల్లో మాట్లాడుతుంది. తేడా వచ్చేది అక్కడే. లెక్క మొదలయ్యేది కలిసిన రోజు నుంచి కాదు, నెల తప్పిన రోజు నుంచి కూడా కాదు. చివరిసారి బయట చేరిన మొదటి రోజు నుంచి. ఉదాహరణకు 2025 జనవరి 1న నెలసరి వచ్చి, ఆ తర్వాత రాలేదనుకోండి. ఫిబ్రవరి 5న ఇంట్లో కిట్‌తో టెస్ట్ చేసుకుంటే అప్పటికే 5 వారాలు. మే 21కి 20 వారాలు, జూన్ 18కి 24 వారాలు. "ఇంకా నాలుగో నెలే కదా" అనుకుంటూ వచ్చి, స్కానింగ్‌లో 21 వారాలని తేలి ఏడ్చినవాళ్లను చూశాను.

ఇక చట్టం. 1971లో 12 వారాల వరకు ఒక డాక్టరు, 12 నుంచి 20 వారాల వరకు ఇద్దరు డాక్టర్ల అభిప్రాయం కావాలన్నారు. 20 దాటితే ప్రాణాపాయం ఉంటే తప్ప దారి లేదు. ఇది 50 ఏళ్లు నడిచింది. 2021 సవరణ ఆ ఏడాది సెప్టెంబరు 24 నుంచి అమల్లోకి వచ్చింది. ఇప్పుడు 20 వారాల వరకు ఒక్క డాక్టరు చాలు. 20 నుంచి 24 వారాల మధ్య ఇద్దరు డాక్టర్లు కావాలి, అది కూడా రూల్స్‌లో చెప్పిన కొందరికే: అత్యాచారానికి గురైనవాళ్లు, మైనర్లు, కడుపుతో ఉండగా భర్త చనిపోయినవాళ్లు లేదా విడాకులైనవాళ్లు, వైకల్యం ఉన్నవాళ్లు, మానసిక అనారోగ్యం ఉన్నవాళ్లు, బిడ్డకు తీవ్రమైన లోపాలున్నట్టు తేలినవాళ్లు, వరదల్లాంటి విపత్తుల్లో చిక్కుకున్నవాళ్లు. తల్లి ప్రాణం మీదికి వస్తే మాత్రం వారాల లెక్కే లేదు. ఒక్క డాక్టరు వెంటనే చేయొచ్చు.

కారణం ఏం చెప్పాలని కూడా అడుగుతారు. తల్లి ప్రాణానికి, ఒంటికి, మనసుకు తీవ్రమైన హాని అన్నది అసలు కారణం. అత్యాచారం వల్ల వచ్చిన గర్భమైతే మనసుకు హాని ఉన్నట్టే లెక్క. కాపర్ టి, కండోమ్, మాత్రలు ఫెయిలై వచ్చిందైనా, 20 వారాల వరకు, అలాగే లెక్క. ఇంటి పరిస్థితి ఎలా ఉంది, రేపు ఎలా ఉండబోతుంది అన్నది కూడా డాక్టరు చూడొచ్చని చట్టమే చెబుతోంది. డబ్బు లేకపోవడం, భర్త తాగుడు, చేతిలో ఏడాది బిడ్డ ఉండడం, ఇవన్నీ డాక్టరుకు చెప్పాల్సిన సంగతులే. సిగ్గుపడి దాచకండి.

టిఫా స్కాన్‌లో బిడ్డకు లోపం ఉందని 24 వారాలు దాటాక తెలిసింది. ఏం చేయాలి?

టిఫా అంటే బిడ్డ అవయవాలన్నీ వివరంగా చూసే స్కాన్. అది చేసేదే 18 నుంచి 22 వారాల మధ్య. గుండెలో లోపం అనుమానం వస్తే ఇంకో స్కానింగ్, ఇంకో డాక్టరు, రిపోర్టుల కోసం ఎదురుచూపు. ఈలోపు వారాలు గడిచిపోతాయి. పాత చట్టంలో 20 దగ్గరే తలుపు మూసేసేవాళ్లు. 2008లో ముంబైకి చెందిన ఒక జంట, వాళ్ల డాక్టరు నిఖిల్ దాతార్ బాంబే హైకోర్టుకు వెళ్లింది ఇందుకే. బిడ్డ గుండెలో లోపం ఉందని ఆలస్యంగా తెలిసింది. కోర్టు ఒప్పుకోలేదు. కానీ ఆ కేసుతో ఈ మాట దేశమంతా పాకింది. 2021 సవరణకు దారి వేసినవాటిలో అదొకటి.

ఇప్పుడు బిడ్డకు తీవ్రమైన లోపం ఉంటే 24 వారాల గడువు వర్తించదు. మెడికల్ బోర్డు ఒప్పుకోవాలి. బోర్డులో గైనకాలజిస్టు, పిల్లల డాక్టరు, రేడియాలజిస్టు ఉంటారు. అడిగిన 3 రోజుల్లో అభిప్రాయం చెప్పాలి, ఒప్పుకుంటే అడిగిన రోజు నుంచి 5 రోజుల్లోపు ప్రక్రియ జరగాలి. ఈ రెండు అంకెలు గుర్తుపెట్టుకోండి. "వచ్చే వారం రండి" అంటే ఈ రూల్ గురించి మర్యాదగానే గట్టిగా అడగండి.

బిడ్డకు లోపం లేదు, అయినా 24 దాటింది అంటే మిగిలేది హైకోర్టు. మన హైకోర్టు 2021లో 16 ఏళ్ల అత్యాచార బాధితురాలికి 26 వారాల గర్భాన్ని తీయడానికి అనుమతి ఇచ్చింది. అలాగని అన్నిసార్లూ ఇస్తారనుకోవద్దు. 2023 అక్టోబరులో ఇద్దరు పిల్లల తల్లి ఒకామె సుప్రీంకోర్టుకు వెళ్లింది. ప్రసవం తర్వాత వచ్చే డిప్రెషన్‌తో నలిగిపోతోంది, పాలిస్తుండగా గర్భం రావడంతో ఆలస్యంగా తెలుసుకుంది. మొదట ఇద్దరు జడ్జీలు సరే అన్నారు. తర్వాత అదే ఇద్దరికీ భేదాభిప్రాయం వచ్చింది. చివరికి అక్టోబరు 16న ముగ్గురు జడ్జీల బెంచి కాదంది. 26 వారాలు దాటాయి, బిడ్డకు లోపం లేదు, తల్లి ప్రాణానికి తక్షణ ప్రమాదం లేదు అన్నది కారణం. ఆమె చెప్పింది తన గురించి. కోర్టు చూసింది గడువు. ఆ తీర్పు చదివినప్పుడు నాకు చాలా బాధేసింది.

నాకు పెళ్లి కాలేదు. చేస్తారా?

చేస్తారు, చేయాలి. మాదాపూర్, గచ్చిబౌలి హాస్టళ్లలో నన్ను ఎక్కువగా అడిగేది ఇదే. 1971 చట్టంలో కుటుంబ నియంత్రణ సాధనం ఫెయిలైతే అన్న వెసులుబాటు 'పెళ్లయిన స్త్రీ, ఆమె భర్త' అని ఉండేది. 2021లో దాన్ని 'ఏ స్త్రీ అయినా, ఆమె భాగస్వామి' అని మార్చారు. 20 వారాల వరకు పెళ్లి ప్రసక్తే లేదు.

20 నుంచి 24 మధ్య మాత్రం ఒక చిక్కు మిగిలింది. 25 ఏళ్ల అమ్మాయి ఒకామె, ప్రేమించినవాడు చివర్లో పెళ్లికి ఒప్పుకోక వెళ్లిపోయాక, ఢిల్లీ హైకోర్టుకు వెళ్లింది. రూల్స్‌లో నీలాంటివాళ్లు లేరని 2022 జులైలో కోర్టు పంపేసింది. వారం తిరక్కుండానే సుప్రీంకోర్టు ఆమెకు దారి ఇచ్చింది. సెప్టెంబరు 29న జస్టిస్ చంద్రచూడ్, జస్టిస్ బోపన్న, జస్టిస్ పార్దీవాలా పూర్తి తీర్పు ఇచ్చారు. పెళ్లయినవాళ్లకు ఒక రూలు, కానివాళ్లకు ఒక రూలు రాజ్యాంగానికి విరుద్ధమన్నారు. ఈ చట్టం వరకు భర్త బలవంతం చేసినా అత్యాచారంగానే చూడాలన్నారు. చట్టంలో లేని షరతులు డాక్టర్లు పెట్టకూడదని కూడా రాశారు. హాస్టల్ అమ్మాయిలకు నేను చెప్పేది ఒక్కటే: "పెళ్లయిందా?" అన్న ప్రశ్న కేసు షీటులో రాసుకోవడానికి అడిగితే చెప్పండి, చేయడం మానేయడానికి అడిగితే ఆ డాక్టరు దగ్గర్నుంచి వచ్చేయండి.

భర్త సంతకం లేకపోతే చేయరట కదా?

రెండేళ్ల కిందట బోరబండ వైపు ఒక మీటింగు తర్వాత ఒకామె ఫోన్ కవర్ వెనక నుంచి నాలుగు మడతల కాగితం తీసింది. ఏదో నర్సింగ్ హోమ్‌లో ఇచ్చారట. అది ఫారం సి, అంటే ఒప్పుకోలు పత్రం. దాని మొదటి లైను 'నేను ఫలానా, ఫలానావారి కూతురిని లేదా భార్యను, వయసు ఇంత' అని మొదలవుతుంది. తర్వాత అడ్రసు, 'నా గర్భాన్ని తీయడానికి ఒప్పుకుంటున్నాను' అనే మాట, కింద సంతకం. అంతే కాగితం. ఆ 'భార్యను' అన్న మాట దగ్గర కౌంటర్‌లో అమ్మాయి పెన్నుతో సున్నా చుట్టి, "ఈయన వచ్చి సంతకం పెట్టాలి" అందట. ఆ 'ఈయన' సెలవు అయిపోయి దుబాయ్ వెళ్లిపోయాడు. వాట్సాప్‌లో సంతకం ఫోటో పంపుతాడేమోనని ఆమె మూడు వారాలు ఎదురుచూసింది. మొదటిసారి వెళ్లినప్పుడు 8 వారాలు, మాత్రలతో అయిపోయేది. నా దగ్గరికి వచ్చేసరికి 11.

చట్టంలో 3వ సెక్షన్ 4వ క్లాజు చెప్పేది ఇది: మానసిక అనారోగ్యం ఉన్నవాళ్లకు తప్ప, 18 నిండిన ఆడమనిషి ఒప్పుకుంటే చాలు. ఇంకెవరి ఒప్పుకోలూ అక్కర్లేదు. భర్తది కాదు, అత్తది కాదు, తండ్రిది కాదు. భర్తకు చెప్పకుండా అబార్షన్ చేయించుకుందని పరిహారం కోరుతూ పంజాబ్ వైపు ఒకాయన కోర్టుకెక్కితే హైకోర్టు కొట్టేసింది, 2017లో సుప్రీంకోర్టు కూడా అదే ఖాయం చేసింది.

అమ్మాయికి 18 నిండలేదు. పోలీసులకు చెబుతారా?

18 లోపు అయితే తల్లి, తండ్రి లేదా గార్డియన్ రాతపూర్వకంగా ఒప్పుకోవాలి. పిల్లలపై లైంగిక నేరాలకు సంబంధించిన పోక్సో చట్టం ప్రకారం డాక్టరు పోలీసులకు తెలపాలి. ఈ భయంతోనే చాలామంది తల్లులు పిల్లను ఆసుపత్రికి తీసుకెళ్లరు. అది పెద్ద ప్రమాదం. 2022 తీర్పులో దీనికీ ఒక దారి చూపించారు: అమ్మాయి, గార్డియన్ కోరితే, డాక్టరు ఇచ్చే సమాచారంలో పేరు, గుర్తింపు వివరాలు చెప్పక్కర్లేదు.

అత్యాచారం కేసైతే, పిండం కణజాలాన్ని డీఎన్ఏ పరీక్ష కోసం భద్రపరచమని ముందే అడగండి, తర్వాత సాక్ష్యం అదే. హైదరాబాద్‌లో 2016 నుంచి భరోసా సెంటర్ ఉంది. పోలీస్ స్టేషన్ మెట్లెక్కకుండా వాంగ్మూలం, కౌన్సెలింగ్, డాక్టరు సాయం ఒకచోట దొరుకుతాయి. 181కి ఫోన్ చేసినా సఖి సెంటర్‌కు కలుపుతారు.

మా బస్తీలో ఆర్‌ఎంపీ డాక్టరు చేస్తానంటున్నాడు. చట్టంలో కూడా ఆర్‌ఎంపీ అని ఉందట?

పేరు ఒకటే, మనుషులు వేరు. చట్టంలో ఆర్‌ఎంపీ అంటే రిజిస్టర్డ్ మెడికల్ ప్రాక్టీషనర్. ఎంబీబీఎస్ చదివి, రిజిస్టరై, గైనకాలజీలో డిగ్రీ లేదా రూల్స్ చెప్పిన శిక్షణ ఉన్న డాక్టరు. మన బస్తీల్లో, ఊళ్లలో ఆర్‌ఎంపీ అంటే డిగ్రీ లేకుండా సూదులు, సెలైన్లు పెట్టే ఆయన. జ్వరానికి ఆయన దగ్గరికి వెళ్లడం మీ ఇష్టం, దీనికి మాత్రం వద్దు. అర్హత లేనివాళ్లు చేస్తే 2 నుంచి 7 ఏళ్ల కఠిన జైలు. అనుమతి లేని చోట చేసినా అదే శిక్ష. ప్రభుత్వ ఆసుపత్రికి వేరే అనుమతి అక్కర్లేదు. ప్రైవేటు ఆసుపత్రికి జిల్లా కమిటీ సర్టిఫికెట్ ఉండాలి. అది గోడకు తగిలించి ఉండాలి, చూపించమని అడగండి.

మందుల షాపులో మాత్రలు తెచ్చుకుని ఇంట్లో వేసుకోవచ్చా?

మిఫెప్రిస్టోన్, మిసోప్రోస్టాల్ మాత్రలు 9 వారాల వరకు డాక్టరు చూసి రాసిచ్చేవి. చీటీ లేకుండా అమ్మడం, కొనడం తప్పు. కానీ నిజం మాట్లాడుకుందాం. 2015లో మన దేశంలో జరిగిన అబార్షన్లు 1 కోటి 56 లక్షలని ఒక పెద్ద అధ్యయనం అంచనా వేసింది. వాటిలో 73 శాతం ఆసుపత్రి గడప తొక్కకుండా ఈ మాత్రలతోనే జరిగాయి. ఆడవాళ్లు తెలివితక్కువవాళ్లై కాదు. ఆసుపత్రిలో మాటలు పడలేక, కూలి పోగొట్టుకోలేక, నలుగురికీ తెలుస్తుందన్న టెన్షన్‌తో.

ఎవరినీ తప్పుపట్టను. రెండు విషయాలు మాత్రం తెలుసుకోండి. గర్భం ట్యూబులో ఉంటే ఈ మాత్రలు పనిచేయవు, ట్యూబు పగిలితే ప్రాణం పోతుంది. అందుకే ముందు స్కానింగ్ కావాలి. రెండోది, గంటకు రెండు పెద్ద ప్యాడ్లు చొప్పున వరసగా రెండు గంటలు తడిసిపోతే, జ్వరం తగ్గకపోతే, కళ్లు తిరుగుతుంటే వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. అక్కడ ఏం వేసుకున్నారో దాచొద్దు, చెబితేనే సరైన వైద్యం జరుగుతుంది.

72 గంటల్లో వేసుకునే మాత్ర కూడా అబార్షనేనా?

కాదు. అది గర్భం రాకుండా ఆపేది. వచ్చిన గర్భాన్ని తీసేయదు. ఎంటీపీ చట్టానికి దానితో పని లేదు.

ఆసుపత్రిలో 'ఇక్కడ లింగ నిర్ధారణ పరీక్షలు చేయబడవు' అని బోర్డు ఉంది. అంటే అబార్షన్ చేయరనా?

ఈ బోర్డు చూసి వెనక్కి వచ్చేసినవాళ్లున్నారు. ఆ బోర్డు వేరే చట్టానిది. పుట్టబోయేది ఆడా మగా అని చూడడం నేరమని 1994లో పీసీపీఎన్‌డీటీ చట్టం వచ్చింది, 1996 నుంచి అమల్లో ఉంది. స్కానింగ్‌లో ఆడో మగో చెప్పిన డాక్టరుకు మొదటిసారికే 3 ఏళ్ల వరకు జైలు. గర్భిణిని మాత్రం భర్త, అత్తింటివాళ్లు బలవంతపెట్టి తెచ్చారనే చట్టం అనుకుంటుంది.

రెండు చట్టాలూ కావాలి. ఆడపిల్లను కడుపులోనే చంపకూడదు. బిడ్డను మోయాలా వద్దా అని ఆడమనిషికి చెప్పే వీలూ ఉండాలి. ఈ రెండూ కలగలిపి భయపెట్టడం వల్ల నష్టపోయేది బీదవాళ్లే. అధికారులు సోదాలకు వస్తారని కొన్ని మందుల షాపులు మాత్రలు పెట్టడమే మానేస్తున్నాయి. 9 వారాలప్పుడు స్కానింగ్‌లో ఆడో మగో కనిపించనే కనిపించదు. అలాంటప్పుడు ఆ మాత్రలకూ లింగ నిర్ధారణకూ సంబంధం ఎక్కడిది?

ప్రభుత్వ ఆసుపత్రిలో నిజంగా ఉచితమేనా?

అవును, ఈ సేవకు ఫీజు లేదు. 1971 చట్టమే మొదటి చోటుగా ప్రభుత్వ ఆసుపత్రిని చెప్పింది. కుటుంబ సంక్షేమ శాఖ బడ్జెట్‌లో మొదలై, ఇప్పుడు జాతీయ ఆరోగ్య మిషన్ డబ్బుతో నడుస్తోంది. నగరంలో పేట్లబుర్జు, సుల్తాన్ బజార్ ప్రసూతి ఆసుపత్రులు, గాంధీ ఆసుపత్రి ఉన్నాయి.

ఉచితం అన్నమాట నిజమే అయినా చేతి నుంచి ఖర్చు అవుతుంది. రెండు మూడు రోజుల కూలి పోతుంది, ఆటోకు పోతుంది, తోడు వచ్చిన చెల్లెలి కూలి కూడా పోతుంది. లైను పొడుగ్గా ఉండి, డాక్టరు ఆ రోజు లేక, రేపు రమ్మంటే మళ్లీ అంతా మొదటికి. జిల్లాల్లో అయితే శిక్షణ ఉన్న డాక్టరు దొరకడమే కష్టం. ప్రభుత్వ ఖర్చు అంటే నాకు ఇదంతా కలిపి. బడ్జెట్‌లో పడిన రూపాయి ఆ ఆడమనిషి ఇంటికి దగ్గర్లో డాక్టరై కూర్చోవాలి.

ట్యూబెక్టమీ చేయించుకుంటేనే అబార్షన్ చేస్తామంటున్నారు. నిజమా?

అలాంటి రూలు ఏ చట్టంలోనూ లేదు. ఇది ఆ పాత జనాభా ఆలోచన మిగిల్చిన జబ్బు. ఆపరేషన్ వద్దంటే వద్దని చెప్పండి, ఎంటీపీ ఆపడానికి వీల్లేదు. చేయించుకోవాలని మీకే ఉంటే అది వేరే సంతకం, వేరే కాగితం.

ఉద్యోగం చేస్తున్నాను. సెలవు, ఇన్సూరెన్స్ వస్తాయా?

సెలవు వస్తుంది, చాలామందికి తెలియదు. గర్భస్రావమైనా, ఎంటీపీ అయినా ఆ మర్నాటి నుంచి 6 వారాల జీతంతో సెలవు. ఇది మొదట 1961 నాటి మెటర్నిటీ బెనిఫిట్ చట్టం 9వ సెక్షన్‌లో ఉండేది, 2025 నవంబరు 21 నుంచి ఆ చట్టం స్థానంలో వచ్చిన సోషల్ సెక్యూరిటీ కోడ్‌లో ఉంది. పాత చట్టంలో ఎంటీపీ అన్న మాట 1995లో చేర్చారు. డిశ్చార్జ్ కాగితం హెచ్‌ఆర్‌కు ఇవ్వాలి. ఈఎస్‌ఐ కట్టే కంపెనీలో ఉంటే చట్టబద్ధమైన అబార్షన్‌కూ 6 వారాల బెనిఫిట్ ఉంది.

ఇన్సూరెన్స్ సంగతి అలా కాదు. మామూలు హెల్త్ పాలసీల్లో మెటర్నిటీ మినహాయింపు అని ఒకటుంటుంది, 18వ కోడ్. చట్టబద్ధమైన అబార్షన్ ఖర్చు కూడా అందులోకే తోసేశారు. కంపెనీ గ్రూప్ పాలసీలో మెటర్నిటీ కవర్ విడిగా ఉంటే వస్తుందేమో కాగితం తీసి చదవండి. చట్టం ఒప్పుకున్న వైద్యానికి బీమా లేకపోవడం మారాల్సిన విషయం.

నా పేరు బయటికి వస్తుందా?

రాకూడదు. 2021లో చేర్చిన 5ఏ సెక్షన్ ప్రకారం పేరు, వివరాలు బయటపెట్టిన డాక్టరుకు ఏడాది వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. చట్టం ప్రకారం అడిగే అధికారం ఉన్నవాళ్లకు మాత్రమే చెప్పాలి. మీ అత్త ఫోన్ చేసి అడిగితే చెప్పకూడదు.

మా అమ్మాయి టెక్సాస్‌లో ఉంది. అక్కడ అబార్షన్ పూర్తిగా బందయిందంటున్నారు. అమెరికాలో ఇలా ఎలా?

మన ఇళ్లలో సగం మందికి డల్లాస్‌లో ఎవరో ఒకరున్నారు కాబట్టి ఇది హైదరాబాద్ ప్రశ్నే. అమెరికాలో 1973లో రో తీర్పు అబార్షన్‌ను రాజ్యాంగ హక్కు చేసింది. మన పార్లమెంటు చేసిన పని అక్కడ కోర్టు చేసింది. 1992లో కేసీ కేసులో కొంత బలహీనపడినా నిలబడింది. 2022 జూన్ 24న డాబ్స్ తీర్పుతో అదే కోర్టు హక్కు లేదంది, నిర్ణయం రాష్ట్రాలకు వదిలేసింది. ఆ ఆగస్టు నుంచి టెక్సాస్‌లో దాదాపు పూర్తి నిషేధం ఉంది, అత్యాచారానికి కూడా మినహాయింపు లేదు. మీ అమ్మాయి వేరే రాష్ట్రానికి వెళ్లి చేయించుకోవచ్చు. ఆ చట్టం శిక్షించేది చేసినవాళ్లను, ఆమెను కాదు.

కానీ నేను చెప్పాలనుకున్నది అంతకుముందు జరిగింది. రో తీర్పు వచ్చిన మూడేళ్లకే, 1976లో, హెన్రీ హైడ్ అనే అక్కడి పార్లమెంటు సభ్యుడు బడ్జెట్ బిల్లుకు ఒక వాక్యం తగిలించాడు: పేదలకు వైద్యం చేయించే మెడికెయిడ్ పథకం నుంచి కేంద్ర ప్రభుత్వ డబ్బు అబార్షన్‌కు వాడకూడదు. 1977 ఆగస్టులో అది అమలైంది. రోసీ హిమెనెజ్ అనే 27 ఏళ్ల తల్లి టెక్సాస్‌లోని మెక్‌అలెన్‌లో ఉండేది. డిగ్రీకి కొన్ని నెలలే మిగిలి ఉన్నాయి. ఆసుపత్రి ఖర్చు భరించలేక లైసెన్సు లేని మంత్రసాని దగ్గరికి వెళ్లి అక్టోబరులో చనిపోయింది. అప్పుడామె చేతి సంచిలో 700 డాలర్ల స్కాలర్‌షిప్ చెక్కు ఉంది. ఆ డబ్బు చదువుకని దాచుకుంది. ఆ రోజు అమెరికాలో అబార్షన్ ఆమె రాజ్యాంగ హక్కు.

1980లో హ్యారిస్ వర్సెస్ మెక్రే కేసులో సుప్రీంకోర్టు 5-4తో హైడ్ సవరణను నిలబెట్టింది. పేదరికం ప్రభుత్వం సృష్టించిన అడ్డంకి కాదు కాబట్టి దాన్ని తొలగించే బాధ్యత ప్రభుత్వానికి లేదన్నది వాదన. అత్యాచారం, దగ్గరి బంధువుల వల్ల వచ్చిన గర్భం అన్న మినహాయింపులు 1993లో మళ్లీ చేర్చారు. ఆ వాక్యం ఏటా బడ్జెట్‌లో కొత్తగా రాస్తూ ఇప్పటికీ నడుస్తోంది. న్యూయార్క్, కాలిఫోర్నియా, ఇల్లినాయ్ లాంటి రాష్ట్రాలు తమ సొంత డబ్బుతో పేదలకు చేయిస్తున్నాయి.

మరి మన దగ్గర ప్రభుత్వం ఖర్చు పెట్టడం దయా, బాధ్యతా?

బాధ్యత. 2009లో సుచిత శ్రీవాస్తవ కేసులో బిడ్డను కనాలా వద్దా అన్నది రాజ్యాంగంలోని 21వ అధికరణం ఇచ్చిన వ్యక్తిగత స్వేచ్ఛలో భాగమని సుప్రీంకోర్టు అంది. పైన చెప్పిన పెళ్లికాని అమ్మాయి కేసులో 2022 సెప్టెంబరు 29 తీర్పు ఇంకో అడుగు వేసింది. ప్రతి జిల్లాలో వైద్య సదుపాయం, డాక్టర్లు ఉండాలి, అది అందరికీ అందుబాటు ధరలో ఉండాలి, కులం వల్ల గానీ, డబ్బు లేకపోవడం వల్ల గానీ ఎవరినీ తిప్పి పంపకూడదు అని రాసింది. అమెరికా కోర్టు 1980లో 'పేదరికం మాకు సంబంధం లేదు' అన్న చోట మన కోర్టు 'సంబంధం ఉంది' అంది. నా మటుకు నాకు ఆ తీర్పులో అన్నిటికన్నా విలువైన వాక్యాలు ఇవే. కలెక్టరుకు, ఆరోగ్య శాఖకు అర్జీ రాసేటప్పుడు ఆ తీర్పు తేదీ తప్పకుండా వేయండి.

ఐర్లాండ్ సంగతి కూడా చెప్పాలి. కర్ణాటకలోని బెళగావికి చెందిన దంతవైద్యురాలు సవిత హలప్పనవర్ 2012 అక్టోబరు 28న గాల్వేలో చనిపోయింది. గర్భస్రావం మొదలైనా, గుండె చప్పుడు ఉందని గర్భం తీయలేదు. ఆరేళ్లకు, 2018 మే 25న, ఐర్లాండ్ జనం 66 శాతానికి పైగా ఓట్లతో రాజ్యాంగంలోని నిషేధాన్ని తీసేశారు. 2019 నుంచి అక్కడ నివాసం ఉండేవాళ్లకు ఈ సేవ ఉచితం. వాళ్లు హక్కును, డబ్బును ఒకేసారి ఇచ్చారు.

హైకోర్టుకు వెళ్లాల్సి వస్తే లాయర్ ఫీజు ఎక్కడి నుంచి తేవాలి?

తేవక్కర్లేదు. 1987 నాటి లీగల్ సర్వీసెస్ అథారిటీస్ చట్టం ప్రకారం ఆదాయం ఎంత ఉన్నా సరే, ప్రతి ఆడమనిషికీ ఉచిత లాయర్‌ను ఇవ్వాలి. 15100కు ఫోన్ చేయండి, లేదా నేరుగా హైకోర్టులోని లీగల్ సర్వీసెస్ కమిటీ దగ్గరికి వెళ్లండి. ఈ కేసుల్లో రిట్, అంటే నేరుగా హైకోర్టుకు పెట్టుకునే అర్జీ, వేస్తే కోర్టు మెడికల్ బోర్డు రిపోర్టు తెప్పించుకుంటుంది. ఒక్కో రోజూ లెక్కలోకి వస్తుంది కాబట్టి శుక్రవారం తెలిస్తే సోమవారం దాకా ఆగకండి. వచ్చేటప్పుడు ఆధార్, మొదటి స్కానింగ్ రిపోర్టు, ఆఖరి స్కానింగ్ రిపోర్టు, ఆసుపత్రివాళ్లు కాదన్న కాగితం తెచ్చుకోండి. కాగితం ఇవ్వకుండా నోటిమాటగా పంపేసి ఉంటే, ఏ తేదీన, ఏ గదిలో, ఏమన్నారో ఆ రోజే ఫోన్‌లో రాసి పెట్టుకోండి.